రంగం నుంచి వెండితెర దాకా
పాత సినిమా తారల కొత్త పేర్లు, బర్మా వెళ్ళిన మన పెద్దల దారులు

ఉత్తరాంధ్రలో పెద్దవాళ్ళు రంగూన్ నగరాన్ని "రంగం" అనేవారు. "మా తాత రంగం వెళ్ళాడు" అంటే ఓడెక్కి బర్మా పోయాడని అర్థం. తెలుగులో రంగం అంటే స్టేజీ కూడా కదా. ఈ రెండు రంగాలూ ఒకచోట కలిసిన కథలు కొన్ని ఉన్నాయి. రంగూన్‌లో పుట్టిన ఒక పసిపిల్ల కొండలూ అడవులూ దాటి వచ్చి బొంబాయి తెర మీద హెలెన్ అయింది. అదే నగరంలో పుట్టిన మరో అమ్మాయి అందాల రాణిగా, సినిమా తారగా వెలిగి, తరువాత తిరుగుబాటు సైన్యానికి నాయకత్వం వహించింది. ఆమె కూతురు దాన్ని నవలగా రాసింది. 2017లో హిందీలో "రంగూన్" అనే పేరుతోనే ఒక సినిమా తార కథ వచ్చింది.

పాత సినిమాల మీద, అప్పటి తళుకుబెళుకుల మీద చారిత్రక నవలలూ సినిమాలూ ఇటీవల చాలా వస్తున్నాయి. మనం ఇష్టంగా చదువుతున్నాం, చూస్తున్నాం. అందులో నిజమెంత, కల్పన ఎంత అన్న ప్రశ్న ఒకటి ఉంది. దానికంటే మనకు దగ్గరి ప్రశ్న ఇంకొకటి ఉంది. ఆ రోజుల్లో రంగూన్ వీధుల్లో లెక్కలేనంతమంది తెలుగువాళ్ళు తిరిగేవారు. ఈ కథల్లో వాళ్ళు ఎక్కడున్నారు? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు వెతకడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మన రంగం

ముందు నగరం సంగతి. ఇప్పటి యాంగోన్‌కు 1989 దాకా అధికారిక పేరు రంగూన్. బ్రిటిష్ వాళ్ళ కాలంలో 1937 ఏప్రిల్ 1 దాకా బర్మా భారతదేశంలో ఒక రాష్ట్రంగా ఉండేది. పాస్‌పోర్టు, వీసా అక్కర్లేదు. కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం రేవుల్లో స్టీమరెక్కితే కొన్ని రోజుల్లో రంగూన్ చేరేవారు. గోదావరి ముఖద్వారం దగ్గరి కోరంగి రేవు పేరు మీద అక్కడ తెలుగువాళ్ళందరినీ "కోరంగీలు" అని పిలిచేవారు. శ్రీకాకుళం నుంచి వచ్చినా, తుని నుంచి వచ్చినా బర్మా వాళ్ళకు, దొరలకు అందరూ కోరంగీలే. మనవాళ్ళకు రంగూన్ పెట్టిన మొదటి కొత్త పేరు అది. అయితే ఎవరూ కోరి పెట్టుకున్న పేరు కాదు.

మేస్త్రీలు అడ్వాన్సులిచ్చి ఊళ్ళ నుంచి మనుషులను తీసుకెళ్ళేవారు. ఆ అప్పు తీరేదాకా మేస్త్రీ చెప్పిన చోటే పని. రేవులో బస్తాలు మోయడం, ధాన్యం మిల్లుల్లో పని, వీధులు ఊడ్చడం, రిక్షా లాగడం, కోతల కాలంలో వరి చేలకు వెళ్ళడం, ఇవీ ఎక్కువమంది చేసిన పనులు. 1931 జనాభా లెక్కల ప్రకారం రంగూన్‌లో సుమారు 4 లక్షలమంది ఉంటే అందులో సగానికి పైగా, అంటే 2 లక్షల 12 వేలకు పైగా, భారతీయులే. బర్మా దేశం మొత్తం మీద తెలుగువాళ్ళు లక్షకు పైనే ఉండేవారు. ఎక్కువమంది మగవాళ్ళు. ఇంటికి డబ్బు పంపి, ఒకటి రెండేళ్ళకు తిరిగి వచ్చి, మళ్ళీ వెళ్ళేవారు.

1930 మే నెలలో రేవులో తెలుగు కూలీలు జీతాలు పెంచమని సమ్మె చేశారు. కంపెనీలు వాళ్ళ బదులు బర్మీ కూలీలను పెట్టుకున్నాయి. సమ్మె తీరి మనవాళ్ళు పనిలోకి రాగానే బర్మీయులను తీసేశాయి. ఆ గొడవ పెద్ద అల్లర్లుగా మారి వందమందికి పైగా చనిపోయారు. చనిపోయినవాళ్ళలో ఎక్కువమంది తెలుగు కూలీలే. రంగూన్ వైభవం గురించి ఏ కథ చదువుతున్నా ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఆ వెలుగుల కింద మోత మోసినవాళ్ళు మనవాళ్ళు.

రంగూన్‌కు తెర వచ్చిన వైనం

తెలుగు సినిమా పితామహుడని మనం చెప్పుకునే రఘుపతి వెంకయ్య నాయుడు గారు 1869లో మచిలీపట్నంలో పుట్టారు. మద్రాసులో ఫొటో స్టూడియో నడుపుకుంటూ, 1910 ప్రాంతంలో ఉన్నదంతా ఊడ్చి క్రోనోమెగాఫోన్ అనే యంత్రం కొన్నారు. తెర మీది బొమ్మకు గ్రామఫోన్ ధ్వనిని జోడించే యంత్రం అది. దాన్ని పట్టుకుని ఊరూరా తిరుగుతూ సిలోన్ వెళ్ళారు, సముద్రం దాటి రంగూన్, పెగూ పట్టణాల్లో కూడా ఆటలు వేశారు. ఆ తరువాతే మద్రాసులో గెయిటీ థియేటరు కట్టారు. మన మొదటి సినిమా వ్యాపారికి రంగూన్ ప్రేక్షకులు ముందే తెలుసన్నమాట.

కలకత్తా మదన్ కంపెనీ భారతదేశం, బర్మా, సిలోన్ అంతటా సినిమా హాళ్ళు నడిపేది. 1927-28లో దివాన్ బహదూర్ రంగాచారియార్ అధ్యక్షతన ప్రభుత్వం వేసిన సినిమాటోగ్రాఫ్ కమిటీ బొంబాయి, మద్రాసులతో పాటు రంగూన్‌లో కూడా సాక్ష్యాలు తీసుకుంది. సినిమా వ్యాపారంలో రంగూన్‌కున్న స్థానం దీన్నిబట్టి తెలుస్తుంది.

బర్మా వాళ్ళ సొంత సినిమా 1920 అక్టోబర్ 13న మొదలైంది. ఓన్ మౌంగ్ అనే ఆయన తీసిన మూగ చిత్రం అది. తాగుడు, జూదం వల్ల చెడిపోయిన మనిషి కథ. హీరో పేరు న్యీ పూ. ఈనాటికీ మయన్మార్‌లో అక్టోబర్ 13ను సినిమా దినంగా జరుపుకుంటారు. మన వెంకయ్య గారి అబ్బాయి రఘుపతి ప్రకాష్ గారు "భీష్మ ప్రతిజ్ఞ" తీసింది 1921లో. రెండు సినిమా రంగాలూ ఒకే ఈడు పిల్లలు. మాటలొచ్చిన ఏడు కూడా ఒకటే. 1932లో మన "భక్త ప్రహ్లాద" బొంబాయిలో తయారైంది. బర్మా మొదటి టాకీ కూడా అదే సంవత్సరం బొంబాయిలోనే తయారైంది. రంగూన్‌లో, మద్రాసులో అప్పటికి శబ్దం పట్టే సదుపాయం లేక ఇద్దరూ ఒకే ఊరికి పరుగెత్తారు.

యాంగోన్‌లో బోజో ఆంగ్ సాన్ రోడ్డు మీద వజియా అనే పాత థియేటరు భవనం ఇంకా ఉంది. బ్రిటిష్ కాలంలో దాని పేరు ఎక్సెల్సియర్. అప్పట్లో ఆ రోడ్డంతా వరసగా సినిమా హాళ్ళే. ఆ ఊళ్ళో హాళ్ళు కూడా పేర్లు మార్చుకున్నాయి.

పేరు మారితే బతుకు మారుతుందా?

పాత సినిమా ఇంతమందిని కొత్త మనుషులుగా ఎలా చేయగలిగింది? దానికి కారణాలు స్పష్టంగానే ఉన్నాయి.

మొదటిది, ఆ రోజుల్లో పరువు గల కుటుంబాలు ఆడపిల్లలను తెర మీదకు పంపేవి కావు. స్త్రీ పాత్రలకు మనుషులు దొరకడమే కష్టం. కాబట్టి ఆంగ్లో ఇండియన్, యూదు కుటుంబాల అమ్మాయిలకు, నాటక కంపెనీల నుంచి, కళావంతుల కుటుంబాల నుంచి వచ్చినవాళ్ళకు తలుపు తెరుచుకుంది. మన "భీష్మ ప్రతిజ్ఞ"లో గంగ వేషం వేసింది పెగ్గీ కాస్టెలో అనే ఆంగ్లో ఇండియన్ అమ్మాయి.

రెండవది, మూగ సినిమాకు భాష అక్కర్లేదు. టెలిఫోన్ ఆపరేటరుగా పనిచేసిన రూబీ మైయర్స్ అనే యూదు యువతి సులోచన అయ్యి బొంబాయిలో అందరికంటే ఎక్కువ జీతం తీసుకున్న తారల్లో ఒకరైంది. టాకీలు రాగానే ఆమె కూర్చుని హిందుస్తానీ నేర్చుకోవలసి వచ్చింది. ముఖం ఒక్కటే చాలిన చోట మాట కూడా కావలసి వచ్చింది.

మూడవది, కొత్త పేరు స్టూడియోకు కూడా లాభమే. పేరు వెనక ఉన్న ఊరు, కులం, మతం, తల్లిదండ్రుల వృత్తి ఏవీ ప్రేక్షకుడికి కనబడవు. పేరు స్టూడియో పెట్టింది కాబట్టి మనిషి కూడా స్టూడియో సొత్తే అన్నట్టు కాంట్రాక్టులు ఉండేవి.

దీన్ని తెలుగులో బాగా చూపించిన నవల రావూరి భరద్వాజ గారి "పాకుడురాళ్ళు". గుంటూరు వైపు నాటకాల్లో వేషాలు వేసే మంగమ్మ మద్రాసు వెళ్ళి మంజరి అవుతుంది. పైకి వెళుతున్న కొద్దీ కాలు ఎక్కడ జారుతుందో తెలియని ప్రయాణం. మొదట "మాయ జలతారు" అనే పేరుతో 1960లలో కృష్ణా పత్రికలో సీరియల్‌గా వచ్చి, 1978లో పుస్తకమైంది. భరద్వాజ గారికి 2012 సంవత్సరానికి జ్ఞానపీఠం వచ్చినప్పుడు చాలామంది దీన్ని మళ్ళీ చదివారు. రాసినప్పుడు అది సమకాలీన నవల. ఈనాడు చదివేవాళ్ళకు చరిత్ర. రంగూన్ తారల కథలను ఈ మంగమ్మ పక్కన పెట్టి చూస్తే చాలా సంగతులు తెలుస్తాయి.

నడిచి వచ్చిన హెలెన్

1941 డిసెంబర్ 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. 1942 మార్చి 8న నగరం వాళ్ళ చేతికి చిక్కింది. ఈ మధ్య కాలంలోనూ, తరువాత కొన్ని నెలల్లోనూ సుమారు 4 నుంచి 5 లక్షలమంది భారతీయులు బర్మా వదిలి వచ్చారు. డబ్బున్నవాళ్ళు ఓడల్లో, కొద్దిమంది విమానాల్లో వచ్చారు. మిగతావాళ్ళు అరకాన్ కొండల మీదుగా, మణిపూర్ వైపు, అస్సాం వైపు నడిచారు. కలరా, మలేరియా, ఆకలి వల్ల దారిలో వేలమంది చనిపోయారు. రేవు ఆగిపోతుందని కూలీలను నగరం దాటకుండా ఆపే ప్రయత్నం కూడా జరిగింది. నడక దారుల్లో కూడా తెల్లవాళ్ళకు ఒక బాట, నల్లవాళ్ళకు ఒక బాట ఉండేవి.

ఆ నడకలో ఒక మూడు నాలుగేళ్ళ పాప ఉంది. 1938 నవంబర్ 21న రంగూన్‌లో పుట్టింది. తండ్రి ఆంగ్లో ఇండియన్, తల్లి బర్మా స్త్రీ, నర్సు. రిచర్డ్‌సన్ అన్న ఇంటిపేరు సవతి తండ్రిది. యుద్ధంలో తండ్రి పోయాక తల్లి పిల్లలతో బయలుదేరింది. దారిలో ఆమెకు గర్భస్రావం అయింది. అస్సాంలోని డిబ్రూగఢ్ చేరేసరికి అందరూ ఎముకల గూళ్ళయ్యారు. తరువాత కలకత్తాలో మశూచి వచ్చి తమ్ముడు పోయాడు. చివరికి బొంబాయి చేరారు. తల్లి నర్సు జీతం చాలక హెలెన్ చదువు మానేసింది. కుటుంబానికి తెలిసిన కుకూ అనే నర్తకి ఆమెను సినిమాల్లో గుంపు డాన్సుల్లో చేర్పించింది. 1951 నాటి "ఆవారా"లో వెనక వరసలో ఉన్న ఆడపిల్లల్లో ఆమె ఒకతె. 1958లో "హౌరా బ్రిడ్జ్" సినిమాలో చైనా అమ్మాయి వేషంలో చేసిన ఒక్క పాటతో దేశమంతా తెలిసిపోయింది. అప్పటికి వయసు 19.

ఆ తరువాత ఇరవై ఏళ్ళపాటు ఆమె క్లబ్బు డాన్సర్, స్పెయిన్ సుందరి, చైనా పిల్ల, జిప్సీ, ఇలా ఎన్ని దేశాల మనిషైనా అయింది. కానీ కాలినడకన బర్మా నుంచి వచ్చిన అమ్మాయి కథ ఆమెకు ఏ నిర్మాతా ఇవ్వలేదు. 1950లలో, 60లలో హాల్లో కూర్చున్న వాళ్ళలో అదే దారిలో నడిచి వచ్చిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. తెర మీద గిరగిరా తిరుగుతున్న మనిషి తమలాంటి కాందిశీకురాలే అని వాళ్ళలో ఎంతమందికి తెలుసు? 2006లో జెర్రీ పింటో ఆమె మీద ఒక మంచి పుస్తకం రాశారు. 2009లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది.

అందాల రాణి, తిరుగుబాటు నాయకురాలు

హెలెన్ వెళ్ళిపోయిన రంగూన్‌లోనే ఉండిపోయినవాళ్ళ కథ లూయిసా బెన్సన్‌ది. ఆమె 1941లో పుట్టింది. తండ్రి రంగూన్ యూదుడు, తల్లి కరెన్ అనే కొండజాతికి చెందిన స్త్రీ. రంగూన్‌లో 26వ వీధిలో ఇప్పటికీ ఒక యూదుల ప్రార్థనా మందిరం ఉంది. ఒకప్పుడు అక్కడ వేలల్లో ఉన్న ఆ సమాజంలో యుద్ధం తరువాత మిగిలింది కొద్దిమందే.

1948లో బర్మాకు స్వాతంత్ర్యం వచ్చింది. మరుసటి ఏడే కరెన్లకూ ప్రభుత్వానికీ యుద్ధం మొదలైంది. అలాంటి రోజుల్లో, 1956లో ఒకసారి, 1958లో ఒకసారి లూయిసా మిస్ బర్మాగా ఎంపికైంది. తరువాత సినిమాల్లో నటించింది. బర్మా సినిమాకు అది మంచి కాలం. 1952 నుంచి ప్రభుత్వమే సినిమా బహుమతులు ఇవ్వడం మొదలుపెట్టింది. అన్ని జాతులూ కలిసిన అమ్మాయి దేశానికి ముఖంగా నిలబడితే, దేశం ఒక్కటిగా ఉందని చూపించుకోవడానికి ఏలినవారికి అనువుగా ఉండేది.

1962 మార్చి 2న జనరల్ నె విన్ సైనిక ప్రభుత్వం వచ్చింది. 1964లో లూయిసా కరెన్ సైన్యంలోని లిన్ టిన్ అనే బ్రిగేడ్ నాయకుణ్ణి పెళ్ళి చేసుకుంది. 1965లో ఆయన హతుడయ్యాక ఆ దళానికి కొంతకాలం ఆమే నాయకత్వం వహించింది. 1967లో అమెరికా వచ్చి గ్లెన్ క్రెయిగ్‌ను పెళ్ళాడి కాలిఫోర్నియాలో స్థిరపడింది. 2010లో కన్నుమూసింది. అక్కడ కూడా చివరిదాకా బర్మా ప్రజాస్వామ్యం కోసం, కాందిశీకుల కోసం పనిచేసింది.

ఆమె కూతురు చార్మేన్ క్రెయిగ్ 2017లో "మిస్ బర్మా" అనే నవల రాసింది. అమెరికాలో నేషనల్ బుక్ అవార్డు తొలి జాబితాలో అది చోటు చేసుకుంది. అందులో తాత, అమ్మమ్మ, తల్లి ముగ్గురూ పాత్రలే. అందాల పోటీ వేదిక మీద చిరునవ్వుతో నిలబడ్డ అమ్మాయి లోపల ఏమనుకుందో ఏ పత్రికా రాయలేదు. అది ఊహించగలిగింది నవల ఒక్కటే. అయితే సొంత తల్లి మనసును ఊహించి రాయడం చిన్న సాహసం కాదు.

"రంగూన్" సినిమాలో నిజమెంత?

2017 ఫిబ్రవరిలో విశాల్ భరద్వాజ్ దర్శకత్వంలో "రంగూన్" వచ్చింది. కంగనా రనౌత్ జూలియా అనే 1940ల నాటి ఫైటింగ్ హీరోయిన్. బర్మా సరిహద్దులో సైనికులకు వినోదం కల్పించడానికి ఆమెను పంపుతారు. చేతిలో కొరడా, గుర్రం మీద స్వారీ చూడగానే అందరికీ నాడియా గుర్తుకొచ్చింది. నాడియా అసలు పేరు మేరీ ఆన్ ఎవాన్స్. 1908లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో పుట్టి, చిన్నప్పుడే బొంబాయి వచ్చి, సర్కస్‌లో పనిచేసి, 1935లో వాడియా సోదరుల "హంటర్‌వాలీ"తో తార అయింది. వాడియా కంపెనీ వారసులు ఈ పోలిక మీద కోర్టుకు కూడా వెళ్ళారు. దర్శకుడు మాత్రం జూలియా కల్పిత పాత్ర అన్నారు.

మనలాంటి ప్రేక్షకులకు ఇలాంటి చోటే తికమక. అసలు నాడియా కథ సుఖాంతం. హోమీ వాడియాను పెళ్ళి చేసుకుని బొంబాయిలోనే జీవితం గడిపింది. జూలియా కథ యుద్ధం, ప్రేమ, ఆజాద్ హింద్ ఫౌజు మధ్య వేరే దారిలో వెళుతుంది. సినిమా పేరులో నగరం ఉన్నా కథ ఎక్కువగా జరిగేది సరిహద్దు కొండల్లో. షూటింగు అరుణాచల్ ప్రదేశ్‌లో చేశారు.

చారిత్రక కల్పన చదివేటప్పుడు, చూసేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలు.

ఒకటి, పేరు అసలుదా, మార్చినదా? అసలు పేరు పెట్టిన రచయితకు బాధ్యత ఎక్కువ. "మహానటి" 2018లో వచ్చినప్పుడు జెమినీ గణేశన్ గారి కుటుంబంలో కొందరు ఆయన పాత్ర చిత్రణ మీద అభ్యంతరం చెప్పారు. అందులో సావిత్రి గారి పేరు అసలుది. ఆమె కథ వెతికే పాత్రికేయురాలు మధురవాణి మాత్రం కల్పన.

రెండు, బయటి సంఘటనల తేదీలు సరిపోతున్నాయా? బాంబులు పడిన రోజు, సైనిక ప్రభుత్వం వచ్చిన రోజు మారవు. మంచి రచయిత వాటిని కదపడు. ఆ తేదీల మధ్య ఖాళీల్లోనే కథ అల్లుతాడు.

మూడు, కథలో ఎవరు లేరు? అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే.

వెనక వరసలో మనవాళ్ళు

మూడో ప్రశ్నకు జవాబు వెతికితే మన తాతలు కనబడతారు. అమితావ్ ఘోష్ 2000లో రాసిన "ది గ్లాస్ ప్యాలెస్" నవలలో కూలీలను చేర్చి పంపే వ్యాపారం సంగతి, 1942 నడక సంగతి విపులంగా ఉన్నాయి. ఘోష్ తన కుటుంబంలో విన్న బర్మా మాటల నుంచే ఆ నవలకు దారి వేసుకున్నారు. తెలుగులో 1979లో దాసరి గారు కృష్ణంరాజు గారితో "రంగూన్ రౌడీ" తీశారు. ఆ పేరు వినగానే జనానికి ఊరు తెలుసు. అంత తెలిసిన ఊరు మనకది.

కానీ తార కథకు ఉన్న ఆధారాలు కూలీ కథకు ఉండవు. తారకు పోస్టరు ఉంటుంది, పత్రికలో ఫొటో ఉంటుంది, అభిమాని దాచుకున్న టికెట్టు ఉంటుంది. అయినా యుద్ధానికి ముందు బర్మాలో తీసిన సినిమాల్లో దాదాపు అన్నీ పోయాయి. 1934 నాటి "మ్యా గ నైంగ్" అనే మూగ చిత్రం మిగిలితే దాన్ని ఇటలీలో బాగుచేయించి 2016లో యాంగోన్‌లో మళ్ళీ చూపించారు. వేలమంది చూసిన సినిమాలకే ఆ గతి పడితే, ఎవరూ ఫొటో తీయని రేవు కూలీ మాటేమిటి?

పేరు మార్చుకోవడంలో కూడా తేడా ఉంది. రూబీ సులోచన అయితే జీతం పెరిగింది. మంగమ్మ మంజరి అయితే కారొచ్చింది. సింహాచలం, అప్పలస్వామి "కోరంగీ" అయితే వచ్చింది తిట్టే. నె విన్ కాలంలో 1964 నుంచి దుకాణాలు, వ్యాపారాలు జాతీయం చేశాక లక్షలమంది భారతీయులు తిరిగి రావలసి వచ్చింది. విశాఖపట్నంలో బర్మా క్యాంప్ అనే పేట వాళ్ళ జ్ఞాపకమే. అక్కడే ఉండిపోయిన మన తెలుగువాళ్ళు చాలామంది బయట బర్మీ పేరు, ఇంట్లో తెలుగు పేరు పెట్టుకుని బతికారు. తెర మీద పేరు మార్చుకున్నది వెలగడానికి. వీళ్ళు మార్చుకున్నది కంటబడకుండా ఉండడానికి. రెండూ కొత్త జన్మలే. మొదటి రకానికి నవలలు వచ్చాయి, రెండో రకానికి ఇంకా ఎన్నో రావలసి ఉంది.

అమెరికాలో, సింగపూర్‌లో, గల్ఫ్‌లో ఉండే మనకు ఇది దూరపు విషయం కాదు. పలకడం కష్టమని ఆఫీసులో పేరు సగం చేసుకున్నవాళ్ళు మనలో ఎంతమంది లేరు! తేడా ఏమిటంటే మన దగ్గర పాస్‌పోర్టు, డిగ్రీ, బ్యాంకు ఖాతా ఉన్నాయి. ఆయన దగ్గర మేస్త్రీ పద్దు పుస్తకంలో వేలిముద్ర ఉంది.

మనం చేయగలిగింది

ఒక మంచి చారిత్రక నవల రావాలంటే ముందు వివరాలు కావాలి. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ, తూర్పు గోదావరి కుటుంబాల్లో రంగం వెళ్ళొచ్చినవాళ్ళ పిల్లలు ఇప్పుడు ఎనభై దాటినవాళ్ళు. ఈసారి ఇండియా వెళ్ళినప్పుడో, ఫోన్ చేసినప్పుడో ఈ ప్రశ్నలు అడగండి.

ఏ రేవులో ఓడెక్కారు? ఎవరు తీసుకెళ్ళారు? మేస్త్రీ పేరేమిటి? రంగూన్‌లో ఏ వీధి, ఏ మిల్లు? అక్కడ నాటకాలు, సినిమాలు చూశారా? చూస్తే ఏ భాషవి? ఎంత టికెట్టు? 1942లో ఏ దారిన వచ్చారు, ఎవరెవరు కలిసి బయలుదేరి ఎందరు చేరారు? కాగితాల మీద ఏ పేరు రాయించారు, ఇంట్లో ఏ పేరుతో పిలిచేవారు?

చెప్పింది చెప్పినట్టే రికార్డు చేయండి. "రంగం", "కోరంగి" లాంటి మాటలను మార్చకండి. తేదీ గుర్తు లేకపోతే బాంబులకు ముందా తరువాతా అని అడిగితే చాలు. పెట్టె అడుగున ఉన్న పాత పాస్‌బుక్కు, మనియార్డరు రసీదు, గ్రూపు ఫొటో ఉంటే రెండు వైపులా స్కాన్ చేయండి. బర్మా కాందిశీకుల గురించి అప్పటి ప్రభుత్వ విదేశీ భారతీయుల శాఖ ఫైళ్ళు ఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారంలో ఉన్నాయి. వాటి జాబితా "అభిలేఖ్ పటల్" అనే వెబ్‌సైటులో వెతకవచ్చు. యాంగోన్ వెళ్ళి చూద్దామనుకునేవాళ్ళు మాత్రం కొంచెం ఆలోచించాలి. 2021 ఫిబ్రవరి 1 సైనిక చర్య తరువాత అక్కడి పరిస్థితులు బాగా దిగజారాయి.

హెలెన్ కథ ఎవరో అడిగారు కాబట్టి నిలిచింది. లూయిసా కథ కూతురు రాసింది కాబట్టి నిలిచింది. వజియా హాలు ముందు టికెట్టు కోసం వరసలో నిలబడ్డ మన తాత ఏ సినిమా చూశాడో, చూసి ఇంటికి ఉత్తరంలో ఏమని రాయించాడో చెప్పగలిగినవాళ్ళు ఇంకా కొందరు ఉన్నారు. వాళ్ళను అడగవలసింది మనవాళ్ళమైన మనమే, అదీ ఈ కొద్ది సంవత్సరాల్లోనే.